కాలేజీ "అథ్లెట్‌గా తీసుకుంటాం" అన్నప్పుడు: పొజిషన్ మార్పును దగ్గర్నుంచి చూసినవాడిగా నా జవాబు

మీ అబ్బాయి హైస్కూల్లో మూడేళ్లుగా అమెరికన్ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసురుతూ జట్టు దాడిని నడిపేవాడిగా ఆడుతున్నాడు. ఒక కాలేజీ వాళ్లేమో "అథ్లెట్‌గా తీసుకుంటాం, పొజిషన్ సంగతి వచ్చాక చూద్దాం" అంటున్నారు. ఇన్నాళ్లు నేర్చుకున్నదంతా వృథాయేనా, వాళ్లకు కావాల్సింది వేగం, ఒడ్డూపొడుగేనా అని అడిగారు.

వృథా కాదండి. అమెరికాలో ఎమ్మెస్ చేసేటప్పుడు రెండేళ్లు యూనివర్సిటీ ఆటగాళ్లకు స్టాటిస్టిక్స్ ట్యూటర్‌గా పనిచేశాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఒకబ్బాయి టైట్ ఎండ్‌గా చేరాడు. రెండో ఏడు కోచ్‌లు అతన్ని అఫెన్సివ్ టాకిల్‌కి మార్చారు. అంటే అప్పుడప్పుడైనా బంతి పట్టి పరిగెత్తే చోటు నుంచి, తన క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకొచ్చేవాళ్లను అడ్డుకోవడమే పనిగా ఉండే చోటికి.

అప్పటికి అతను 250 పౌండ్లు. 290 దాటాలన్నారు. బ్యాగులో పుస్తకాల కంటే తిండి ఎక్కువ ఉండేది. ఫోన్‌లో అలారం మోగగానే లెక్క మధ్యలో ఆపేసి పీనట్ బటర్ శాండ్‌విచ్ బయటికి తీసేవాడు. ఆకలై కాదు, టైమైందని. ఒకరోజు ముద్ద దిగక కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా నీళ్లు తాగి మింగాడు. ఆటగాళ్లు తింటారంటే అదేదో భోగం అనుకునేవాణ్ని, ఆ రోజుతో ఆ అభిప్రాయం పోయింది.

బరువు కన్నా కష్టమైంది అడుగు. ఒక సాయంత్రం క్లాసు అయ్యాక కారిడార్‌లో చేసి చూపించాడు. టైట్ ఎండ్ కాళ్లకు ముందుకు ఉరకడం అలవాటు. టాకిల్‌ అలా కాదు. కుర్చీలో కూర్చున్నట్టు మోకాళ్లు వంచి, నడుం నిటారుగా ఉంచి, బయటి కాలు వెనక్కి జరుపుతూ లోపలి కాలిని దాని వెంట లాక్కోవాలి. కిక్ స్లైడ్ అంటారు. మూడు అడుగులు చక్కగా పడేవి, నాలుగో అడుగుకి ఒళ్లు పైకి లేచిపోయేది. "ఇక్కడే దొరికిపోతున్నాను" అని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేవాడు. ఆ సీజనంతా మ్యాచ్ ఆడలేదు, ప్రాక్టీసే. మూడో ఏడు సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు.

అథ్లెటిసిజం విలువ నాకు అతన్ని చూశాకే తెలిసింది. అంత ఒళ్లు పెరిగినా అతని పాదాల చురుకు తగ్గలేదు. అడుగు ఎలా వెయ్యాలో కోచ్ నేర్పగలడు, ఆ చురుకును మాత్రం తెచ్చిపెట్టలేడు. కాలేజీలు ముందు దాన్ని వెతుక్కునేది అందుకే. లేన్ జాన్సన్ జూనియర్ కాలేజీలో క్వార్టర్‌బ్యాక్. ఓక్లహోమాకి వచ్చాక టైట్ ఎండ్, ఆ తర్వాత డిఫెన్సివ్ ఎండ్ (ఎదుటి క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకెళ్లేవాడు), చివరికి టాకిల్. 2013 డ్రాఫ్ట్‌లో, అంటే ప్రొఫెషనల్ జట్లు వరసగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునేచోట, నాలుగో పిక్‌గా ఎన్‌ఎఫ్‌ఎల్‌కి (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) వెళ్లాడు.

కానీ వేగం, బలం చూసే మార్చేస్తారు అనుకుంటే సగమే నిజం. కొత్త పొజిషన్‌లో రాణించినవాళ్లు పాతచోట నేర్చుకున్నది వెంట తెచ్చుకున్నవాళ్లేనని నా నమ్మకం. రిచర్డ్ షెర్మన్ స్టాన్‌ఫర్డ్‌లో మొదట రిసీవర్, అంటే విసిరిన బంతిని పరిగెత్తి అందుకునేవాడు. రిసీవర్లను కాపలా కాసే కార్నర్‌బ్యాక్‌గా మారాక, ఎదుటి రిసీవర్ ఎక్కడ మలుపు తిరుగుతాడో అతనికి ఒకరు చెప్పాల్సిన పని లేదు, తనూ అక్కడ తిరిగినవాడే కాబట్టి. జూలియన్ ఎడెల్‌మన్ మీ అబ్బాయిలాగే క్వార్టర్‌బ్యాక్, కెంట్ స్టేట్‌లో. 2009 డ్రాఫ్ట్‌లో 232వ పిక్. న్యూ ఇంగ్లండ్ జట్టు అతన్ని రిసీవర్‌ని చేసింది, 2019 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ (ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్) ఎంవీపీ, అంటే అత్యుత్తమ ఆటగాడు అయ్యాడు. బంతి విసిరేవాడు ఏ క్షణంలో ఎటు చూస్తాడో తెలిసిన రిసీవర్ దొరకడం మామూలు విషయం కాదు. మీ అబ్బాయి మూడేళ్లుగా డిఫెన్స్‌ను చదవడం నేర్చుకున్నాడు. రేపు డిఫెన్స్‌లో వెనక కాపు కాసే సేఫ్టీ ఆడినా, రిసీవర్ ఆడినా ఆ చూపు అతనిదే.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, తలుచుకుంటే మనసు కష్టంగా ఉంటుంది. "నువ్వు మంచి అథ్లెట్‌వి" అంటూనే నల్లజాతి క్వార్టర్‌బ్యాక్‌లను ఆ చోటు నుంచి పక్కకు జరిపిన చరిత్ర ఈ ఆటకు ఉంది. క్వార్టర్‌బ్యాక్ వారెన్ మూన్ 1978 రోజ్ బౌల్ అనే పెద్ద కాలేజీ మ్యాచ్‌లో వాషింగ్టన్ యూనివర్సిటీని గెలిపించాడు. అయినా ఆ ఏడు ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో అతన్ని ఎవరూ తీసుకోలేదు. క్వార్టర్‌బ్యాక్‌గానే ఉంటానని కెనడా వెళ్లి, ఎడ్మంటన్ జట్టుకు వరసగా అయిదు గ్రే కప్‌లు (అక్కడి లీగ్ ట్రోఫీ) తెచ్చిపెట్టాడు. 2006లో ఈ ఆట దిగ్గజాల జాబితా అయిన హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎక్కాడు. 2018లో క్వార్టర్‌బ్యాక్ లమార్ జాక్సన్‌కి కూడా రిసీవర్‌గా మారమని సలహాలిచ్చారు. అతను ఒప్పుకోలేదు, మరుసటి సీజన్‌లోనే ఏకగ్రీవంగా ఎంవీపీ అయ్యాడు. కాబట్టి మీ అబ్బాయికి క్వార్టర్‌బ్యాక్ మీదే ప్రాణముంటే, ఆ మాట ఇప్పుడే నోరు తెరిచి చెప్పమనండి. సంతకం పెట్టాక చెప్తే వినేవాళ్లు తక్కువ.

కోచ్‌తో మాట్లాడేటప్పుడు మొహమాటపడకండి. క్వార్టర్‌బ్యాక్‌గా ఒక్క అవకాశమైనా ఇచ్చి చూస్తారా, ఎన్నాళ్లు చూస్తారు? ఇంతకుముందు వాళ్లు ఇలా మార్చిన కుర్రాళ్లు ఎవరు, మైదానంలోకి దిగడానికి ఎన్ని సీజన్లు పట్టింది? వీలైతే వాళ్లలో ఒకరితో మీ అబ్బాయిని ఫోన్‌లో మాట్లాడించండి. మారిస్తే రోజూ పక్కన నిలబడి కొత్త అడుగులు నేర్పేది ఏ కోచో, పేరుతో సహా అడగండి.