మీ ప్రశ్న - మా జవాబు: వినని మాటలను వ్యాసంలో రాయవచ్చునా?

ప్రశ్న: మా నాయనమ్మ తండ్రి 1908 నాటి మూసీ వరదలో అఫ్జల్‌గంజ్ చింతచెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారట. నాయనమ్మ నోట విన్న ఆ సంగతిని వ్యాసంగా రాసి ఒక పత్రికకు పంపితే, ‘ఇది కథా, వ్యాసమా?’ అని తిప్పి పంపారు. చెట్టు మీద ఆయన ఏమనుకున్నారో, పక్కవారితో ఏం మాట్లాడారో నేను ఊహించి రాసిన మాట నిజమే. స్వానుభవ వ్యాసంలో ఆపాటి స్వేచ్ఛ ఉండదా?
- ఒక పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: ఉండదనే నా అభిప్రాయం. అమెరికన్ పాత్రికేయుడు జాన్ హెర్సీ హిరోషిమా అణుబాంబు దాడి మీద రాసిన కథనంలో మనుషుల తలపులు కూడా కనిపిస్తాయి గాని, అవి బతికి బయటపడిన ఆరుగురు తమ నోటితో ఆయనకు చెప్పినవి. 1946 ఆగస్టు 31 నాటి న్యూయార్కర్ సంచిక మొత్తాన్ని ఆ ఒక్క కథనానికే కేటాయించారు. మీ ముత్తాతగారిని అడిగే వీలు మీకు లేదు. ఆయన మనసులోకి వెళ్లే దారి నాయనమ్మ మాట ఒక్కటే.

అయితే ఆ మాట తక్కువదేమీ కాదు. మీరు పంపిన ప్రతిలో మూడో పుటలో, ఆమె కత్తిపీట ముందు కూర్చుని చింతపండులో గింజలు తీస్తూ ఈ సంగతి చెప్పేవారనీ, ఒకసారి ‘ఒక రాత్రి’ అంటే మరొకసారి ‘రెండు రాత్రులు’ అనేవారనీ రాశారు. చింతచెట్టు కాపాడిన మనిషి కూతురు చింతపండు ఒలుస్తూ ఆ కథ చెప్పడాన్ని మీరు కళ్లారా చూశారు కనుక వ్యాసం అక్కడే మొదలు కావాలి. రాత్రుల లెక్క కుదరకపోవడాన్ని కూడా సరిదిద్దకుండా, ఆమె చెప్పినట్టే ఉంచండి; ‘నాయనమ్మ చెప్పేది’, ‘నేనిలా అనుకునేదాన్ని’ అన్న చిన్న మాటలతో ఏది విన్నదో, ఏది మీ ఊహో పాఠకుడికి తెలిసిపోతుంది. అలా చెప్పి చేసిన ఊహకు ఏ సంపాదకుడూ అడ్డు చెప్పడు.

ఇక ‘కుంభవృష్టి’, ‘ప్రళయం’ వంటి మాటలు తొమ్మిది చోట్ల వచ్చాయి (లెక్కపెట్టాను, క్షమించాలి). శంషాబాదులో 24 గంటల్లో 12.8 అంగుళాల వాన పడిందని, వరద తరువాత ఏడాది నగరానికి వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య నమోదు చేశారు. ఆ ఒక్క అంకె ముందు ఈ తొమ్మిదీ తేలిపోతాయి. తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌కు ఒకసారి వెళ్లి వరద కాగితాలేమైనా దొరుకుతాయేమో అడగండి. సుమారు 150 మందిని కాపాడిందని చెప్పే ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది; దాన్ని చూసి వచ్చాక, కొమ్మ ఎంత ఎత్తున ఉందో, మనిషి ఎక్కడ కాలు మోపగలడో రాయండి.

మూసీ ప్రక్షాళన గురించి ప్రభుత్వానికి విన్నపం చేసిన చివరి పేరాను మాత్రం తీసివేయండి. అది వేరే వ్యాసానికి పనికివస్తుంది.