సమాధానం: మాట తెగుతోందని చిప్ మార్చకండి

అన్నయ్యా, ముమ్మిడివరం లంకల్లో వరద కబుర్ల కోసం పెట్టిన డిజిటల్ రేడియోలో మాట ముక్కలుగా వస్తోందని, మాటని కుదించే ఏఎంబీఈ 3000 చిప్‌ని మార్చేద్దామనుకుంటున్నానని రాశారు. ఆగండి, డబ్బులు దండగ చేసుకోకండి.

ఆ చిప్ 20 మిల్లీసెకన్ల మాటని, అంటే 160 శాంపిల్స్‌ని (ధ్వని కొలతల్ని), ఒక ఫ్రేమ్‌గా కుదిస్తుంది. సెకనుకు 2400 బిట్ల రేటులో ఆ ఫ్రేమ్ 48 బిట్లే! చిక్కంతా ఇక్కడే. ఆ చిప్ ఉన్న డాంగిల్‌లో, అంటే కంప్యూటర్‌కి గుచ్చే చిన్న పరికరంలో, దాన్ని కంప్యూటర్‌తో కలిపే యూఎస్‌బీ-సీరియల్ చిప్ ఇంకొకటి ఉంటుంది. అది ఇంత చిన్న ప్యాకెట్‌ని వెంటనే పంపదు. బఫర్ (డేటా కాసేపు ఆగే చోటు) నిండాలి, లేదా టైమర్ అయిపోవాలి. ఎఫ్‌టీడీఐ కంపెనీ చిప్‌లో ఆ టైమర్ మామూలుగా 16 మిల్లీసెకన్లు. జనం నిండితే గానీ కదలని రేవు పడవలాగ అన్నమాట. 20లో 16 అక్కడే పోతే మాట తెగదా మరి?

కంప్యూటర్‌లో లినక్స్ ఉంటే, డాంగిల్ పెట్టిన పోర్టు ఫోల్డర్‌లో లేటెన్సీ టైమర్ ఫైల్ ఉంటుంది, అందులో 16 బదులు 1 పెట్టండి. నాకూ పోయిన వానాకాలం "నీరు పెరుగుతోంది" అంటే "నీ... గుతోంది" అనే వినబడేది. ఇది మార్చాక తేటగా వచ్చింది. డాంగిల్ తీసి పెడితే పాత విలువే వస్తుంది కాబట్టి యూడెవ్ రూల్ (డాంగిల్ పెట్టగానే ఆ 1ని తనే పెట్టే లినక్స్ సూచన) రాసేయండి.

అప్పటికీ గొంతు గరగరలాడితే మైకుని డీజిల్ ఇంజను పక్కనుంచి జరపండి. చిప్‌లోని ఈ కోడెక్‌ని, అంటే మాటని కుదించే పద్ధతిని, మనిషి గొంతు కోసమే తయారుచేశారు, ఇంజను మోత కలిస్తే తడబడుతుంది.