శిల్పిగా బతుకుతూ రాయడం కుదురుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది ఎంపీసీతో ఇంటర్ పూర్తిచేసింది. ఈఏపీసెట్‌లో ర్యాంకు ఫర్వాలేదు. చిన్నప్పట్నుంచి వినాయకచవితికి ఇంట్లో విగ్రహం తనే చేస్తుంది. కాలేజీ పత్రికలో వ్యాసాలు రాసింది. ఇప్పుడు బీఎఫ్‌ఏ (లలితకళల డిగ్రీ)లో శిల్పం చదువుతాను, శిల్పిగా బతుకుతూ రాస్తాను అంటోంది. శిల్పి రోజు ఎలా గడుస్తుంది? రెండు పనులూ కుదురుతాయా? ఇంజినీరింగ్ సీటు వదులుకోమంటారా?
– ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: సీటు సంగతి చివర చూద్దాం. రోజు ఎలా ఉంటుందో తెలిస్తే ఆ నిర్ణయం సగం దానంతటదే తేలుతుంది.

శిల్పికి ఏడాది పొడవునా ఒకే రకం రోజు ఉండదు. ఏ సరుకు మీద పనిచేస్తుంటే రోజంతా దాని చెప్పుచేతల్లో ఉంటుంది. మట్టి రోజు వేరు, అచ్చు రోజు వేరు, రాయి రోజు వేరు. రాత ఎప్పుడు కుదురుతుందన్నదీ దాన్నిబట్టే. పగలు శిల్పం, రాత్రి రాత అని మీ అమ్మాయి అనుకుంటూ ఉంటే ఆ లెక్క మొదటి నెలలోనే తప్పుతుంది.

మన ప్రాంతంలో శిల్పికి ఎక్కువగా వచ్చే పని తీసుకుందాం: ఛాతీ వరకు ఉండే విగ్రహం, అసలు మనిషి కొలతలో. ముందు చెక్క పీట మీద ఇనుప చువ్వలతో లోపలి ఎముకల గూడు కడతారు. దానికి బైండింగ్ వైరుతో చిన్న కర్రముక్కల్ని అడ్డంగా కట్టి గడ్డం, చెవుల దగ్గర వేలాడదీస్తారు. అవి లేకపోతే తడిమట్టి తన బరువుకు తానే జారి, సాయంత్రం ఉన్న గడ్డం తెల్లారేసరికి మెడ మీదికి దిగుతుంది. చువ్వలకు ముందే రంగు పూయాలి, లేదంటే తుప్పు మట్టిలోకి దిగుతుంది. పైన పట్టించే బంకమట్టి 40, 50 కిలోలకు తక్కువ ఉండదు.

ఇక రోజు. పొద్దున ఆరింటికి షెడ్డు తెరిచి మొదట చేసే పని తడి చూడటం. రాత్రి కప్పిన తడిగుడ్డ, పాలిథిన్ కవరు తీసి ముక్కు కొన, చెవి అంచు వేలితో నొక్కి చూస్తారు. సన్నగా ఉండేవి కాబట్టి అవే ముందు ఆరి పగులుతాయి. పొడిగా తగిలితే స్ప్రే సీసాతో నీళ్లు కొడతారు. మొత్తం ఒకేసారి తడిపితే చెంపలు జారిపోతాయి. ఆ తర్వాత తొమ్మిదిన్నర దాకా అసలు పని. పక్కనుంచి పడే వెలుతురులో చెంప ఎత్తుపల్లాలు కనిపించినట్టు మధ్యాహ్నం నడినెత్తి ఎండలో కనిపించవు.

ఇక్కడ ఎక్కువమంది తడబడేది ఫొటోల దగ్గర. ఇంటివాళ్లు సెల్ఫీ పంపిస్తారు. చేతి దూరంలో తీసిన ఫొటోలో ముక్కు పెరుగుతుంది, చెవులు వెనక్కి పోతాయి. దాన్ని నమ్మి చేస్తే కొలతలన్నీ సరిపోయినా మనిషి పోలిక రాదు. ఐదారు అడుగుల దూరం నుంచి ఎదురుగా, రెండు పక్కల నుంచి తీసినవి అడగాలి. మనిషి పోయాక వచ్చే ఆర్డర్లే ఎక్కువ కాబట్టి పెళ్లి ఆల్బమ్‌లో పక్కకు తిరిగి ఉన్న ఫొటో వెతికించడం కూడా శిల్పి పనే.

మట్టి నడిచే రోజుల్లో రాతకు మంచి సమయం పదకొండు నుంచి రెండు. వెలుతురు పనికి పనికిరాదు, చేతులింకా అలిసిపోలేదు. అచ్చు రోజున మాత్రం ఒక్క వాక్యం కూడా రాదు, ఆశించవద్దు. చెవుల వెనక గీతమీదుగా సన్నని రేకు ముక్కలు గుచ్చి ముందు సగం, వెనక సగం విడదీస్తారు. మొదటి పూత పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్)లో కాస్త నీలం కలుపుతారు. ఆ పైన తెల్లటి పూతలు, బలానికి కొబ్బరి పీచు. తర్వాత అచ్చులో పోత పోసి, ఆ అచ్చు పగలగొట్టి విగ్రహం బయటికి తీసేటప్పుడు నీలం కనిపించగానే ఉలి నెమ్మదించాలి, లోపల విగ్రహం దగ్గరపడిందన్నమాట. కలిపిన పీఓపీ పావుగంటలో గట్టిపడుతుంది. ఫోన్ మోగినా తీయడానికుండదు. అచ్చు విప్పాక మట్టి విగ్రహం ముద్దలు ముద్దలుగా ఊడి వస్తుంది, ఇక ఉండదు. అచ్చుకు ముందే నాలుగు వైపులా ఫొటోలు తీసుకోవాలి.

ఫైబర్ పోత అయితే అచ్చు లోపలికి రెజిన్ (గట్టిపడే జిగురు ద్రవం), గ్లాస్ ఫైబర్ మ్యాట్ (గాజుపోగుల చాప) రెండు మూడు పొరలు వేస్తారు. ఇది పొరపాటు చేయకూడని చోటు. ముందు రెజిన్‌లో కోబాల్ట్ (గట్టిపడటాన్ని వేగం చేసే ద్రవం) వేసి బాగా కలపాలి, ఆ తర్వాతే హార్డ్‌నర్ (రెజిన్‌ను గట్టిపరిచే ద్రవం). కోబాల్ట్, హార్డ్‌నర్ నేరుగా కలిస్తే పేలే ప్రమాదం ఉంది. రెండు సీసాలూ ఒకే అలమరలో కూడా పెట్టకూడదు. కిలో రెజిన్‌కు హార్డ్‌నర్ 10 నుంచి 20 గ్రాములు. పల్నాడు మే ఎండల్లో 10 గ్రాములే చాలు, 20 వేస్తే బ్రష్ చేతిలో ఉండగానే రెజిన్ వేడెక్కి గడ్డకడుతుంది, తర్వాత పగుళ్లిస్తుంది. కంచు అయితే లెక్క వేరు: ముందు అచ్చులో మైనపు విగ్రహం పోస్తారు, తర్వాత ఆ మైనం కరిగిపోయిన చోట లోహం నిండుతుంది. మైనం 4 కిలోలు తూగితే లోహం 36 కిలోలకు తగ్గదు, లోహం పారే కాలువల్లోకి పోయేది అదనం. మైనం ఫౌండ్రీకి (లోహం పోత పోసే చోటికి) వెళ్లాక పోత పూర్తయి వచ్చేదాకా శిల్పి చేతిలో పెద్దగా పనుండదు. పెద్ద వ్యాసం, పుస్తకంలో ఒక అధ్యాయం పూర్తిచేసుకోవడానికి ఆ వారాలే దిక్కు.

రాయి రోజున క్రమం తిరగబడుతుంది. ముందు రాసుకుని, ఆ తర్వాతే షెడ్డుకు వెళ్లాలి. గ్రైండర్ నాలుగు గంటలు పట్టుకున్న చేతివేళ్లు తిమ్మిరెక్కి వణుకుతాయి. పెన్ను పట్టుకోలేరు, కీబోర్డు మీద ఒక అక్షరం బదులు ఇంకొకటి పడుతుంది. ఆ తిమ్మిరి మర్నాటికీ పోకపోతే గ్రైండర్ పక్కన పెట్టి డాక్టర్‌ను కలవాలి. ఏళ్ల తరబడి అదురు తగిలితే వేళ్లలో రక్తప్రసరణే దెబ్బతింటుంది. లాప్‌టాప్ రాతి షెడ్డులో ఉండకూడదు. ఆ దుమ్ము దాని ఫ్యానునూ వదలదు, మన ఊపిరితిత్తుల్నీ వదలదు.

బరువు సంగతీ తెలియాలి. నల్లరాయి ఘనపు అడుగు 75 కిలోలు దాటుతుంది. మూడడుగుల ఎత్తు, అడుగున్నర వెడల్పు, అడుగు మందం ఉన్న రాయి 340 కిలోలు. కొనేముందు సుత్తితో తట్టి వినాలి. గంటలా మోగితే మంచిది, బొంగురుగా పలికితే లోపల పగులుంది. నీళ్లు పోసి ఆరనివ్వడం ఇంకో పరీక్ష. రాయంతా ఆరినా ఒక్క గీత తడిగా మిగిలితే అది పగులే. ముఖం చెక్కేటప్పుడు ఆ గీత బయటపడితే మూడు నెలల కూలి నీళ్లపాలు.

ఇప్పుడు రాత. పత్రికల్లో వ్యాసాలకు వచ్చే పారితోషికాన్ని ఇంటి బడ్జెట్‌లో రాసుకోవద్దని మీ అమ్మాయికి గట్టిగా చెప్పండి. రాత వల్ల శిల్పికి డబ్బు వచ్చే దారి వేరే ఉంది. శిల్పుల శిబిరానికి దరఖాస్తు, స్కాలర్‌షిప్ నోట్, ఆర్డర్ కోసం ప్రతిపాదన, ప్రదర్శన కేటలాగ్‌లో తన పని గురించి 150 మాటలు, అన్నిటికన్నా ముఖ్యంగా ఒప్పందం, ఇవన్నీ రాతే. చేయి బాగున్న శిల్పులు మన దగ్గర చాలామంది ఉన్నారు. తన పనిని ఒక పేజీలో చెప్పగలిగేవాళ్లు తక్కువ, కాబట్టి అవకాశాలు అటు మొగ్గుతాయి.

ఒప్పందం తెలుగులోనే రాసుకోవచ్చు. మొత్తంలో 40 శాతం అడ్వాన్సు, మట్టి విగ్రహం చూసి సంతకం పెట్టాక 30, పోత అయ్యాక 20, నిలబెట్టాక 10 అని పెట్టుకుంటే డబ్బు మధ్యలో ఆగదు. మట్టి దశలో మార్పులు రెండుసార్లే అని కచ్చితంగా రాయాలి. పెద్దకొడుకు మీసం తగ్గించమంటాడు, చిన్నకొడుకు పెంచమంటాడు, కూతురు అమెరికా నుంచి వీడియో కాల్‌లో నాన్న ఇలా నవ్వేవాడు కాదంటుంది. సంతకం ఎవరిదో ముందే తేల్చుకోకపోతే పోత పోశాక కూడా గొడవ సాగుతుంది. బహిరంగ విగ్రహమైతే స్థలం అనుమతి కాపీ చూశాకే అడ్వాన్సు తీసుకోవాలి. రోడ్లు, పేవ్‌మెంట్ల మీద కొత్త విగ్రహాలకు అనుమతివ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరిలో ఉత్తర్వులిచ్చింది. అది పట్టించుకోకుండా చేసిన విగ్రహం గోనెపట్టా కప్పుకుని షెడ్డులోనే ఉండిపోతుంది, చివరి పది శాతం ఎప్పటికీ రాదు.

రాయగలిగిన శిల్పికి తన పనిని కాపాడుకోవడానికీ రాత ఉపయోగపడుతుంది. అమర్‌నాథ్ సెహగల్ శిల్పి, కవి కూడా. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ గోడకు 140 అడుగుల పొడవు, 40 అడుగుల ఎత్తున ఆయన చేసిన కంచు శిల్పాన్ని 1979లో ఊడదీసి గోదాములో పడేశారు, ముక్కలు దెబ్బతిన్నాయి. ఆయన కోర్టుకెళ్లారు. మిగిలిన శిల్పాన్ని ఆయనకు తిరిగివ్వాలని, 5 లక్షల రూపాయల పరిహారం కట్టాలని 2005లో ఢిల్లీ హైకోర్టు తీర్పిచ్చింది. ఆధారం కాపీరైట్ చట్టం 57వ సెక్షన్: పని అమ్మేసినా, దాన్ని పాడుచేసి తన పేరుకు భంగం కలిగిస్తే అడిగే హక్కు శిల్పికి ఉంటుంది. అడగాలంటే చేతిలో కాగితాలుండాలి. ఒప్పందం, ఫొటోలు, తేదీలు.

అందుకే రాత అలవాటు రోజువారీ చిట్టాతో మొదలవ్వాలి. సాయంత్రం షెడ్డు మూసేముందు ఐదు లైన్లు: ఏం చేశారు, ఎన్ని గంటలు, మట్టి ఎంత, హార్డ్‌నర్ ఎన్ని గ్రాములు, ఎండ ఎంత, ఏం చెడింది. ఆరు నెలల చిట్టా ఉంటే తర్వాతి ఆర్డర్‌కు ధర ఊహించి చెప్పనక్కర్లేదు. వ్యాసాలకు ముడిసరుకూ అందులోంచే వస్తుంది. మీరా ముఖర్జీ అనే శిల్పి బస్తర్ కంచు పనివాళ్ల దగ్గర పోత నేర్చుకుని, దేశంలో తిరిగి లోహపు పనివాళ్ల పద్ధతులు రాసుకున్నారు. ఆ పుస్తకం 1978లో ఆంత్రోపొలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ద్వారా వచ్చింది. కళ గురించి గాలిలో రాసే వ్యాసం కన్నా మైనం ఎంత మందం ఉండాలో తెలిసినవాళ్లు రాసేది ఎక్కువ కాలం నిలుస్తుంది.

చదువు. హైదరాబాద్‌లో జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం) నాలుగేళ్ల బీఎఫ్‌ఏలో శిల్పం ఉంది, ప్రవేశ పరీక్ష రాయాలి, అందులో బొమ్మ గీయాల్సి ఉంటుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ లలితకళల విభాగం ఉంది. ఆలయ శిల్పం మీద మనసుంటే తిరుపతిలో టీటీడీ నడిపే సాంప్రదాయ శిల్ప శిక్షణ సంస్థ ఉంది, పదో తరగతి పాసైనవాళ్లకు డిప్లొమా. అక్కడ చదువు తాలమానం (విగ్రహాల కొలతల పద్ధతి) నుంచి మొదలవుతుంది: నవతాలమంటే విగ్రహం ఎత్తును 108 అంగుళాలుగా భాగించి ముఖానికి 12 ఇవ్వడం. ఈ అంగుళం స్కేలు మీది అంగుళం కాదు, విగ్రహాన్నిబట్టి మారే కొలత. రెండు దారులూ మంచివే కానీ కలగాపులగం చేయవద్దు. సొంత ఊహతో పనిచేయాలి, రాయాలి అనుకునే పిల్లకు బీఎఫ్‌ఏ నప్పుతుంది. 18 నుంచి 25 ఏళ్ల కళాకారులకు కేంద్ర సాంస్కృతిక శాఖ నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్లు ఇచ్చే స్కాలర్‌షిప్‌లో శిల్పం కూడా ఉంది. చదువు చివరికొచ్చాక గుర్తుపెట్టుకోండి.

ఎంపీసీ వృథా పోదు. పెద్ద విగ్రహాల్ని ఇప్పుడు చిన్న నమూనా స్కాన్ చేసి, థర్మాకోల్‌ను యంత్రంతో కోసి పెంచుతున్నారు. కంప్యూటర్‌లో శిల్పం చేయడం వచ్చినవాళ్లకు హైదరాబాద్ సినిమా ఆర్ట్ డిపార్ట్‌మెంట్లలో, గేమ్ కంపెనీల్లో పని ఉంది. ఆర్డర్లు లేని నెలల్లో అద్దె కట్టేది అదే.

ఇంజినీరింగ్ సీటు గురించి అడిగారు. కౌన్సెలింగ్‌కు ఇంకా రోజులున్నాయి కాబట్టి ఇప్పుడే వదలకండి, చేరిపోకండి కూడా. ఇరవై రోజులు ఈ పరీక్ష పెట్టండి. 25 కిలోల బంకమట్టి కొనిచ్చి మీ తలనే చేయమనండి, అసలు కొలతలో, ఎముకల గూడుతో సహా. వినాయకుడి విగ్రహంలో పోలిక తేడా పడితే ఎవరూ పట్టుకోలేరు, నాన్న ముఖంలో ఇంట్లో అందరూ పట్టుకుంటారు. రోజూ చిట్టా రాయమనండి. మొదటి తల బాగా రాదు, అది కాదు చూడాల్సింది. పన్నెండో రోజు చెవి పగిలినప్పుడు విసుక్కుని వదిలేసిందా, ఎందుకు పగిలిందో చిట్టాలో రాసి మళ్లీ పెట్టిందా అన్నది చూడండి.

ఈ పరీక్ష అయ్యాక ఒకసారి రాతి శిల్పులుండే దుర్గి తీసుకెళ్లండి, మీ జిల్లాలోనే. అక్కడి సున్నపురాయి గ్రానైట్ కన్నా మెత్తన, కొత్త చేతికి ఉలి పట్టు తెలుస్తుంది. వారం రోజులు ఎవరి దగ్గరైనా కూర్చోనిస్తారేమో అడగండి. వెళ్లేముందు రెండు వైపులా ఫిల్టర్లుండే రబ్బరు మాస్క్ కొనివ్వండి. కరోనా నాటి గుడ్డ మాస్క్ రాతి దుమ్మును ఆపదు. గ్రానైట్ దుమ్ములో ఉండే సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే వచ్చే సిలికోసిస్‌కు మందు లేదు. రెజిన్ పనికి ఈ ఫిల్టర్లు పనికిరావు, రసాయన ఆవిరిని ఆపే కార్ట్రిడ్జ్‌లు వేరే ఉంటాయి, అదే మాస్క్‌కు బిగించుకోవచ్చు. గడ్డం కింద గాలి దూరకుండా ఉందో లేదో షాపులోనే పెట్టి చూసి తీసుకోండి, అమ్మాయిల ముఖానికి చిన్న సైజు అడిగితేగాని ఇవ్వరు.