సెస్నా 152కు అరగంట రిజర్వ్ చాలదా?

రెండు సీట్ల చిన్న విమానం సెస్నా 152ల సాగర్ నుంచి పాలమూరు మీదికి పోయి, దిగకుండా మళ్లొచ్చేందుకు అరగంట రిజర్వ్ (పక్కన ఉంచే ఇంధనం) చాలదా అని అడిగినవ్ తమ్ముడూ. పగటి వీఎఫ్ఆర్‌కు (కంటితో బయట చూసుకుంట నడిపే పద్ధతి) రూలు 30 నిమిషాలే, రాత్రికి 45. కానీ అది వాడుకునేది కాదు, దిగినంక ట్యాంకుల మిగలాల్సింది. క్వశ్చన్ బ్యాంకు బట్టీ పట్టించే కోచింగోళ్లు ఈ ముక్క ఎందుకు చెప్పరో!

పోను దాదాపు 75 నాటికల్ మైళ్లు, రాను అంతే. గాలి లేకుంటే 95 నాట్ల (గంటకు అన్ని నాటికల్ మైళ్లు) మీద గంటా 35 నిమిషాలు. జులైల పడమటి గాలి 25 నాట్లు కొడితే పోయేటప్పుడు గ్రౌండ్‌స్పీడ్ (నేల మీద లెక్కేసే వేగం) 70, అంటే 64 నిమిషాలు. వచ్చేటప్పుడు 120, అంటే 38. మొత్తం 102. ఎదురుగాలిల ఎక్కువసేపు ఉంటవ్ కాబట్టి పోయిన టైం పూర్తిగా తిరిగి రాదు.

గంటకు 23 లీటర్ల లెక్కన దీనికి 39. స్టార్టు, ట్యాక్సీ, టేకాఫ్‌కు 3, అనుకోనిదానికి పెట్టే కంటింజెన్సీ 5 శాతం కింద 2, రిజర్వ్ 11.5. మొత్తం 56 లోపలే. సాగర్ మీద క్యుములోనింబస్ (ఉరుముల మబ్బు) కూసుని దిగనియ్యకుంటే? వేరే దిగే చోటు బేగంపేట దాదాపు 70 నాటికల్ మైళ్లు, ఆ గాలికి గంట దారి. ఇంకో 22 లీటర్లు. 78 అయింది. స్టాండర్డ్ ట్యాంకులు 98 లీటర్లు, ఇంజన్‌కు అందేది 93 దాకే. గంటకు 23 అనేది కూడా మిక్స్చర్ లీన్ చేస్తేనే, అంటే గాలిల కలిసే పెట్రోలు తగ్గిస్తేనే. ఫుల్ రిచ్‌ల (పెట్రోలు తగ్గించకుండా) ఉంచి పుస్తకం లెక్క నమ్ముకుంటే మునిగినట్టే.

ఇంధనం గేజీని అస్సలు నమ్మకు. విమానం చదునైన నేల మీదున్నప్పుడు ట్యాంకుల డిప్‌స్టిక్ (కొలత పుల్ల) పెట్టి చూడు. ఎండల ఫుల్ చేసి నిలబెడితే పెట్రోలు వ్యాకోచించి వెంట్‌ నుంచి కారుతది. ట్యాంకు అడుగు నుంచి కొంచెం డ్రెయిన్ చేస్తే నీలం రంగు రావాలె, కింద నీటి బుడగ కనిపిస్తే పోయేదాకా మళ్లీ తియ్యి.

దేవరకొండ, కల్వకుర్తి మధ్య సుమారు 25 నాటికల్ మైళ్లు. పోయేటప్పుడు 21 నిమిషాలు పట్టాలె. 27 పట్టిందా, గ్రౌండ్‌స్పీడ్ 55కు పడ్డట్టు, ఎదురుగాలి 40. మొత్తం టైం 115 నిమిషాలకు పోతది, ఐదు లీటర్లు ఎక్కువ. నింపింది 56ఏ అయితే కల్వకుర్తి కాడే తిరుగు, పాలమూరు ఇంకోరోజు చూడొచ్చు.

రేడియోల “మినిమం ఫ్యూయల్” అంటే ఇంకే ఆలస్యమూ భరించలేనని చెప్పినట్టే, ప్రాధాన్యం రాదు. దిగేసరికి రిజర్వ్ కంటే తక్కువ మిగులుతదని లెక్క తేలితే “మేడే మేడే మేడే ఫ్యూయల్” అనాలె. 1990 సంవత్సరంల న్యూయార్క్ దగ్గర ఏవియాంకా 52 అనే విమానం సిబ్బంది ఇంధనం అయిపోతున్నదన్నరు గానీ ఎమర్జెన్సీ అనే మాట వాడలె, విమానం కూలింది.