కొత్త సియెరా వచ్చింది, నాన్నగారి పాత సియెరా అమ్మేయనా?

పర్లాకిమిడిలో మీ నాన్నగారి పాత టాటా సియెరా ఇంకా షెడ్డులో ఉందని, కొత్త సియెరా వచ్చింది కాబట్టి దాన్ని అమ్మేసి ఇది తీసుకుంటే ఎలా ఉంటుందని అడిగారు. పాత పేర్లు తెచ్చి కొత్త బండ్లకి తగిలించడం మోసం కాదా అని కూడా అడిగారు. మాది ఒడిశాలో జయపురం, కోరాపుట్ జిల్లా. నాన్న పెట్టిన ఆటో స్పేర్స్ షాపు ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. కౌంటర్లో కూర్చుని చూసినదాన్ని బట్టి చెప్తాను.

కొత్తది కావాలంటే కొనండి. పాతదాన్ని మాత్రం అమ్మకండి. ఆ రెండింటికీ పేరులో తప్ప ఎక్కడా చుట్టరికం లేదు.

1991లో వచ్చిన సియెరా టాటా పికప్ ఛాసిస్ మీద కట్టిన బండి. రెండు పక్కలా కలిపి రెండే తలుపులు, వెనక డిక్కీ తలుపు, డ్రైవ్, అంటే ఇంజిన్ బలం, వెనక చక్రాలకి. 2025 నవంబరులో 11.49 లక్షల ప్రారంభ ధరతో వచ్చిన సియెరాకి అయిదు తలుపులు, మోనోకాక్ బాడీ (విడిగా ఛాసిస్ లేకుండా బాడీయే ఆ పని చేసేది), డ్రైవ్ ముందు చక్రాలకి. పాతదాంట్లో వెనక సీటు పక్కన పైకప్పు వైపు వంగిపోయే ఒకే పెద్ద గ్లాసు ఉండేది కదా, కొత్తదాంట్లో మధ్య పిల్లర్‌కి నలుపు వేసి, చూడగానే ఆ గ్లాసు గుర్తొచ్చేలా చేశారు. పనితనం బాగుంది, నాకూ నచ్చింది. కానీ చూపుకి గుర్తొచ్చేది వేరు, కింద ఉన్న బండి వేరు.

మా షాపులో ఈ గొడవ సఫారీతో మొదలైంది. మల్కనగిరి నుంచి ఫోన్ వస్తుంది, "అన్నా, సఫారీకి ముందు బ్రేక్ ప్యాడ్లు సాయంత్రం బస్సుకి వేసెయ్" అని. ఏ సఫారీ అంటే, "సఫారీయే అన్నా, టాటాది" అంటాడు. 1998లో వచ్చిన సఫారీ లాడర్ ఛాసిస్ బండి, అంటే నిచ్చెనలాంటి ఇనుప ఫ్రేము మీద బాడీ విడిగా కూర్చోబెట్టింది; చివర్లో స్టార్మ్ పేరుతో 2019 వరకు నడిచింది. 2021 ఫిబ్రవరిలో వచ్చింది టాటా వాళ్ళదే హ్యారియర్‌కి మూడో వరస సీట్లు కలిపిన బండి. 2020 ఆటో ఎక్స్‌పోలో దాన్ని గ్రావిటాస్ అని చూపించారు. అమ్మకానికి వచ్చే ముందు నెలలోనే సఫారీ అని పేరు మార్చారు. రెండింటి సామానూ వేరు. అందుకే ఇప్పుడు మా దగ్గర పద్ధతి ఒకటే: ఆర్సీ ఫొటో వాట్సాప్‌లో పెట్టమంటాం, ఛాసిస్ నంబరు చూసి గానీ డబ్బా కట్టం. మహీంద్రా స్కార్పియోకి ఇంకో తంటా. 2022లో స్కార్పియో-ఎన్ వచ్చాక పాతదాన్ని క్లాసిక్ అని పక్కనే అమ్ముతున్నారు. అయితే అక్కడ రెండూ లాడర్ ఛాసిస్ బండ్లే. కొత్తది పెద్దదైనా, పాతది చేసే పని ఇది కూడా చేస్తుంది. ఆ పేరు అలా కొనసాగించడం నాకు న్యాయంగానే అనిపిస్తుంది.

డ్రైవ్ ఏ చక్రాలకి అన్న తేడా మన ప్రాంతంలో ఎందుకు పట్టించుకోవాలంటే, ఎత్తు ఎక్కేటప్పుడు బరువంతా వెనక్కి పడుతుంది. సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కి రావడానికి ఏ బండైనా చాలు, తారు రోడ్డు. నారాయణపట్నం, బంధుగాం లోపలి ఊళ్ళకి వర్షాకాలంలో ఎర్రమట్టి దారిలో, మనుషులూ బస్తాలూ వేసుకుని ఎక్కాలంటే ముందు చక్రాల మీద బరువు తగ్గి అవి జారతాయి. వెనక చక్రాల డ్రైవ్ అయితే ఆ బరువే పట్టు ఇస్తుంది. అలాంటి దారులు మీకు లేకపోతే కొత్త బండే మేలు. పర్లాకిమిడి నుంచి విశాఖకి పిల్లల్ని తీసుకెళ్ళాలంటే నేనైతే పాత సియెరా తియ్యను. అందులో ఎయిర్‌బ్యాగ్ లేదు. అదే పాత పేరుతో వచ్చిన కొత్త బండ్లలో సఫారీకి 2023లో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే ప్రమాద భద్రతా పరీక్షలో అయిదు నక్షత్రాలు వచ్చాయి. ఇది చిన్న విషయం కాదు.

ఇక మోసమా అంటే, నేను ఆ మాట అనను. కొత్త పేరుని జనం నోళ్ళలో నానేలా చెయ్యడానికి బోలెడు ఖర్చు. పాత పేరైతే అప్పట్లో చిన్నపిల్లలుగా ఉండి ఆ బండిని ఆశగా చూసినవాళ్ళే ఇప్పుడు కొనే వయసులో ఉన్నారు. పైగా రిజిస్టరైన పేరుని వరసగా అయిదేళ్ళకి పైగా వాడకుండా వదిలేస్తే, ట్రేడ్ మార్క్ చట్టం కింద దాన్ని రిజిస్టర్ నుంచి తీసేయమని అర్జీ పెట్టే వీలుంది. పేరు విలువ ఎంతో తెలియాలంటే అంబాసిడర్‌ని చూడండి. 2014లో కోల్‌కతా దగ్గర ఉత్తరపాడాలో తయారీ ఆగిపోయింది. 2017లో ఆ పేరుని పెజో కంపెనీకి 80 కోట్లకి అమ్మారు.

నా బాధ వేరే చోట ఉంది. పాత బండి మీద జనానికున్న ప్రేమతో కొత్తది అమ్ముకుంటున్నప్పుడు, ఆ పాత బండిని ఇంకా నడుపుతున్నవాడికి సామాను దొరికేలా చూడాలి కదా! ఇది జరగని పనేం కాదు. టొయోటా 2019లో సుప్రా అనే తన స్పోర్ట్స్ కారు పేరు మళ్ళీ తెచ్చింది. అదే ఏడాది ఏ70, ఏ80 అనే పాత తరాల సుప్రాలకి దొరకని స్పేర్లు తిరిగి చేయిస్తామని ప్రకటించి, ఆ తర్వాత డోర్ హ్యాండిళ్ళు, హెడ్‌లైట్లు, రబ్బరు బీడింగులు లాంటివి అమ్మకానికి పెట్టింది. మన దగ్గరా ఏ కంపెనీ పాత పేరు వాడుకున్నా ఈ పని చెయ్యాలని నేను గట్టిగా కోరుకుంటాను. కొత్తది కొనే ముందు షోరూములో మీరూ ఇది అడగండి, రాతపూర్వకంగా అడగండి. షాపువాళ్ళం అడిగితే ఎవరూ వినరు, కొనేవాడు అడిగితే వింటారు.

మీ పాత బండి సంగతి. ఇంజిన్ గురించి దిగులు పడొద్దు. ఆ 1948 సీసీ డీజిల్ ఇంజినే మొదటి సుమోల్లో, అప్పటి టాటా పికప్‌లో, టాటా ఎస్టేట్ కారులో వాడారు కాబట్టి చాలా సామాను ఇంకా దొరుకుతుంది. మెకానిక్ దగ్గర సియెరా అని కాకుండా ఇంజిన్ పేరు, సంవత్సరం చెప్పండి. ఆర్సీ పదిహేనేళ్ళు దాటింది కాబట్టి అయిదేళ్ళకోసారి ఫిట్‌నెస్, రెన్యువల్ మర్చిపోవద్దు.

అసలు చిక్కు ఆ వెనక పక్క గ్లాసు. అది వంపు తిరిగిన టఫెన్డ్ (వేడి చేసి గట్టిపరిచిన) గ్లాసు, పగిలితే ఊళ్ళో గ్లాసు కొట్టువాడు కోసి ఇవ్వలేడు, టఫెన్డ్ చేశాక కోస్తే పొడి అయిపోతుంది. ముందుగా, వర్షం పడేటప్పుడు లోపల కూర్చుని అంచుల వెంబడి వేలు పెట్టి చూడండి. రబ్బరు గానీ సీలెంట్ గానీ ఎండిపోయి ఉంటే నీళ్ళు కార్పెట్ కిందకి దిగి ఫ్లోర్ తుప్పు పడుతుంది, పైకి కనపడదు. కార్పెట్ ఎత్తి తడి ఉందో లేదో చూసుకుని, ఉంటే అంచులు కొత్తగా సీల్ చేయించండి. విశాఖలో, రాయపూర్‌లో పాత సామాన్లు అమ్మేవాళ్ళని ఇప్పటి నుంచే అడుగుతూ ఉండి, ఎడమది ఒకటి, కుడిది ఒకటి దొరికిన రోజున బేరం ఎక్కువ ఆడకుండా తెచ్చి పెట్టేసుకోండి.