స్టిక్కర్ ఇవ్వకపోతే పిల్లలు జతపరచడం నేర్చుకోరా?

మూడేళ్ల బాబుకి బొమ్మల కార్డులు జతపరచడం నేర్పుతున్నారు, సరిగ్గా చేసిన ప్రతిసారీ స్టిక్కర్ ఇవ్వాలా అని అడిగారు. అక్కర్లేదండీ. నేను ప్రీస్కూల్ పిల్లలతో పనిచేస్తాను. మెచ్చుకోలు లేకుండానే వాళ్లు బోలెడు జతలు కనిపెట్టేస్తారు.

ఏది దేనితో మళ్లీ మళ్లీ కలిసి వస్తోందో గమనించడం పసితనం నుంచే ఉంటుంది. 1996లో శాఫ్రన్, ఆస్లిన్, న్యూపోర్ట్ అనే పరిశోధకులు ఎనిమిది నెలల పిల్లలకి అర్థంలేని మాటల ప్రవాహాన్ని ఆపకుండా రెండు నిమిషాలు వినిపించారు. బహుమతేమీ లేదు. అయినా ఏ శబ్దం వెనక ఏ శబ్దం తప్పకుండా వస్తోందో పిల్లలు పట్టేశారు.

నేను చేసేది ఇది. పైన ఒక వింత గుర్తు, కింద రెండు కార్డులు పెడతాను. ఆ గుర్తు వచ్చినప్పుడల్లా కింద ఒక కార్డు అదే ఉంటుంది, రెండోది మారిపోతుంటుంది. ఏది ముట్టుకున్నా నేను అవుననను, కాదనను. చాలామంది కాసేపటికి మారని కార్డునే ఎంచుకోవడం మొదలుపెడతారు. 1990లో హారిసన్, గ్రీన్ ప్రచురించిన ప్రయోగాల్లో కిటుకు కూడా ఇదే. ఒక జాగ్రత్త: కార్డుల స్థానాలు కుడి ఎడమలు మారుస్తుండాలి. లేకపోతే కొందరు ఎప్పుడూ ఒక వైపుదే ముట్టుకుంటూ కూర్చుంటారు, మనమేమో నేర్చుకున్నారని మురిసిపోతాం!

ఇంకో విశేషం, నేర్పని జతలు. 1971లో మర్రే సిడ్మన్ ప్రచురించిన అధ్యయనంలోని అబ్బాయికి మాట వింటే బొమ్మ చూపించడం ముందే వచ్చు. విన్న మాటకి రాసిన మాటను చూపించడం మాత్రం బహుమతులిస్తూ నేర్పారు. ఆ తర్వాత రాసిన మాటను బొమ్మతో జతపరచడం, ఎవరూ నేర్పకుండానే, అతనికి వచ్చేసింది. అంటే రెండు జతలు గట్టిగా నిలబడితే మూడోది చాలాసార్లు ఉచితంగా వస్తుంది.

అయితే మౌనం పనికిరాని చోటు ఒకటుంది. ఎర్ర కారు, నీలం కారు, ఎర్ర బ్లాకు ఇచ్చి "ఒకేలాంటివి కలుపు" అంటే, ఒకరు రంగు చూస్తారు, ఇంకొకరు వస్తువు చూస్తారు. రెండూ సరైనవే. మీ మనసులో ఉన్నది రంగయితే ఆ మాట చెప్పాలి, లేదా ఒక జత చేసి చూపించాలి. స్టిక్కర్ కోసం ఊహించుకోమనడం పిల్లాడికి విసుగే.

స్టిక్కర్ల మీద నాకు ఇంకో అనుమానం కూడా ఉంది. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ బొమ్మలు గీయడం ఇష్టమున్న పిల్లలకి, గీస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. తర్వాత ఖాళీ సమయంలో ఆ పిల్లలు మిగతావాళ్లకంటే తక్కువ గీశారు. ముందు చెప్పకుండా ఇచ్చినవాళ్లలో మాత్రం ఆ తగ్గుదల లేదు. కాబట్టి ముద్దొచ్చినప్పుడు మెచ్చుకోండి, బేరం పెట్టకండి.

ఒకవేళ మీ బాబు థెరపీకి వెళ్తూ, అక్కడ బహుమతులతో నేర్పిస్తుంటే మాత్రం నా మాట విని ఆపేయకండి. కొందరికి మొదటి జతలు అలాగే నిలబడతాయి, ఎప్పుడు తగ్గించాలో థెరపిస్టునే అడగండి.