కార్గిల్ మీద నవల రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

మొదటి అధ్యాయం చదివాను. నీ జవాను కొండ ఎక్కుతూ దేశభక్తి గురించి అర పేజీ మాట్లాడాడు. అది కొట్టెయ్. పదహారు వేల అడుగుల ఎత్తున ఊపిరికి అందే ఆక్సిజన్ ఇక్కడ మనకు అందేదాంట్లో దాదాపు సగమే. వీపున బరువు, చేతిలో తుపాకీ, ఎదురుగా నిటారు బండ. పగలైతే పైనున్నవాళ్ల కంటబడతారు కాబట్టి చీకట్లోనే ఎక్కాలి. అలాంటప్పుడు నోటి నుంచి రెండు మూడు మాటలే వస్తాయి: "తాడు పట్టు", "ఆగు".

వయసు అంకెల్లో చెప్పు. 1999 కార్గిల్ యుద్ధంలో టైగర్ హిల్ శిఖరం మీద ఒంటినిండా తూటా దెబ్బలతో పోరాడిన యోగేంద్ర సింగ్ యాదవ్‌కు అప్పటికి 19 ఏళ్లు. మగపిల్లాడి పెళ్లికి మన చట్టం 21 నిండాలంటుంది. ఇవాళ పదిహేడున్నరకే సైన్యంలో అగ్నివీర్‌గా చేరొచ్చు, ఓటు హక్కుకు మాత్రం ఇంకో ఆర్నెల్లు ఆగాలి. దీనిమీద నువ్వు వ్యాఖ్యానం చెయ్యకు. ఇంట్లో ఎవరైనా పెళ్లి మాట ఎత్తితే, "వాడికింకా వయసు రాలేదు" అని తండ్రి అంటే చాలు.

నీ శత్రువుకు మొహం లేదు. అది పెద్ద లోపం. 1999 జులైలో అదే టైగర్ హిల్ మీద పాకిస్తాన్ కెప్టెన్ కర్నల్ షేర్ ఖాన్ (కర్నల్ అన్నది పేరే, హోదా కాదు) మనవాళ్లతో పోరాడుతూ చనిపోయాడు. అక్కడున్నది తమ సైనికులే కాదని పాకిస్తాన్ మొదట బుకాయించింది. అతని పోరాటం చూసిన మన బ్రిగేడియర్ బాజ్వా, ఇతను ధైర్యంగా పోరాడాడు, తగిన గౌరవం దక్కాలి అని చీటీ రాసి శవం జేబులో పెట్టించి పంపారు. తర్వాత పాకిస్తాన్ అతనికి తమ అత్యున్నత సైనిక పురస్కారం నిషాన్-ఎ-హైదర్ ఇచ్చింది. ఎవరూ తీసుకోని మరికొందరు పాక్ సైనికుల శవాలను మన జవాన్లే ముస్లిం సంప్రదాయం ప్రకారం ఖననం చేశారు. రాత్రి ఎవరిమీద కాల్పులు జరిపారో, పొద్దున వాళ్లకే గొయ్యి తవ్వాలి. యుద్ధంలోని వైరుధ్యాన్ని నువ్వు పేరాలు పేరాలు వర్ణించావు. దాని బదులు ఆ గొయ్యి తవ్వే కుర్రాడి చేతుల్ని రాయి. గడ్డకట్టిన రాతినేల మీద పార ఎలా జారుతుందో రాయి.

ఉత్తరాలు కూడా చూడు. హైదరాబాద్‌కు చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య 1999 జూన్ 19న నాన్నకు రాసిన ఉత్తరంలో యుద్ధం గౌరవమన్నాడు. గర్భవతి అయిన భార్యకు రోజుకో మహాభారత కథ చెప్పమనీ అడిగాడు. జూన్ 28న చనిపోయాడు. రెండు మాటలూ ఆ మనిషివే. నీ పాత్రలో కూడా ఏదీ దాచకు.

జెండా కప్పిన పెట్టెతో నవల ముగించకు. అక్కడితో ఆపితే బతికొచ్చినవాడి బాధ రాయాల్సిన పని తప్పిపోతుంది, అందుకే చాలామంది అక్కడే ఆపుతారు. దీపావళి టపాసుకు ఉలిక్కిపడేవాడు, నిద్రపట్టనివాడు, చనిపోయిన మిత్రుడి అమ్మ ముందు కూర్చుని ఏం చెప్పాలో తెలియనివాడు నీ కథలో ఇంకా రానేలేదు. రెండో అధ్యాయం అతనితో మొదలుపెట్టి పంపు.

ఆశీస్సులతో,
అన్నయ్య